మొండి దురదకు సన్న సూది

పగలంతా పనుల్లో పడి మరిచిపోయిన దురద రాత్రి పక్క మీద వాలగానే మొదలవుతుంది. దుప్పటి వెచ్చదనానికి చర్మం వేడెక్కుతుంది. ఒంట్లో వాపును అణిచిపెట్టే కార్టిసాల్ హార్మోను ఆ వేళకు బాగా తగ్గి ఉంటుంది. మనసుకు వేరే వ్యాపకమూ ఉండదు. మోచేతి మడతలోకో, మోకాలి వెనక్కో, మెడ మీదికో గోరు తనంతట తనే వెళ్తుంది. గోకినంతసేపూ ప్రాణానికి హాయి. ఆపగానే మంట, రసి. తెల్లారి చూస్తే దుప్పటి మీద నెత్తుటి చుక్కలు. ఎగ్జిమా ఉన్న పిల్లాణ్ని పక్కలో వేసుకుని పడుకునే తల్లికి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. వాడు గోక్కోకుండా చేతులు పట్టుకుని కూర్చున్న రాత్రులు ఆమెకు ఎన్నో ఉంటాయి.

ఇలా ఏళ్లు గడిచిన ఇంట్లో సలహాలకు కొదవ ఉండదు. వేపాకు మరిగించిన నీళ్లు పోసుకోమంటారు. వంకాయ, ఎండుచేప మానమంటారు. రక్తం చెడిందంటారు, వేడి చేసిందంటారు. స్కిన్ డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు రాసినన్నాళ్లు తగ్గి, మానగానే తిరగబెడుతుంటే, "ఇంగ్లిషు మందులు పైపైనే పనిచేస్తాయి, మూలం నుంచి తీసేసే వైద్యం వేరే ఉంది" అనే మాట చెవికి ఇంపుగా ఉంటుంది. ఆ వేరే వైద్యాల వరసలో ఇప్పుడు ఆక్యుపంక్చర్ పేరు తరచుగా వినిపిస్తోంది. సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి, దద్దుర్లు అన్నింటికీ ఒకటే సూది అని బోర్డులు కడుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆక్యుపంక్చర్ చర్మవ్యాధిని మాన్పదు. కొందరికి దురదను తగ్గిస్తుంది, దాంతో నిద్ర పడుతుంది. ఇది చిన్న మేలేమీ కాదు. దురదతో పదేళ్లు వేగినవాళ్లు ఒక రాత్రి నిద్ర కోసం ఎంతైనా ఇస్తారు. కానీ ఏ మేలు ఆశించి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్లాలి. దురద తగ్గుతుందేమో చూద్దామని వెళ్లేవాళ్లకు ఈ అధ్యాయం దారి చూపిస్తుంది. సోరియాసిస్ పోతుందని వెళ్లేవాళ్లను మాత్రం ఆపడానికే ఇది రాస్తున్నాను.

ఎక్కడి వైద్యం, ఎలా వచ్చింది

చైనాలో సుమారు రెండు వేల ఏళ్ల కిందటి హువాంగ్‌డీ నెయ్‌జింగ్ గ్రంథంలోనే సూది వైద్యం వివరంగా ఉంది. ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి 14 దారుల్లో నడుస్తుందని, ఆ దారుల మీద 361 బిందువులు ఉన్నాయని ఈ వైద్యం చేసేవాళ్ల లెక్క. చర్మవ్యాధులను గాలి, వేడి, తేమ ఒంట్లో చేరడం వల్ల వచ్చే బాధలుగా చెబుతారు. 'వేడి చేసింది' అనే మాట వింటూ పెరిగిన మనకు ఇది కొత్తగా తోచదు. ఈ వైద్యం మనవాళ్లకు త్వరగా నచ్చడానికి అదొక కారణమని నేననుకుంటాను.

జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు 1938లో మన దేశం నుంచి ఐదుగురు వైద్యులు వెళ్లారు. వారిలో ద్వారకానాథ్ కోట్నిస్ పేరు చాలామందికి తెలుసు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు ఆ తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్‌లో 1996 నుంచి, మహారాష్ట్రలో 2015 నాటి చట్టంతో ఈ వైద్యానికి చట్టబద్ధమైన గుర్తింపు ఉంది. చరిత్రతో మనకున్న పని ఇంతవరకే. పాతదైనంత మాత్రాన పనిచేస్తుందని కాదు, పరాయిదైనంత మాత్రాన పనిచేయదనీ కాదు. పరీక్షించి చూసినవాళ్లు ఏం చెప్పారన్నదే ముఖ్యం.

పరీక్షిస్తే ఏం తేలింది

సూది వైద్యాన్ని పరీక్షించడం మాత్రను పరీక్షించినంత తేలిక కాదు. మాత్ర విషయంలో కొందరికి అసలు మందు, కొందరికి పిండి బిళ్ల ఇచ్చి తేడా చూస్తారు. సూదికి ఉత్తుత్తి సూది తయారు చేయాలి. కొందరు పరిశోధకులు బిందువు కాని చోట పైపైన గుచ్చుతారు. మరికొందరు మొన లోపలికి ముడుచుకుపోయే మొద్దు సూది వాడతారు. గుచ్చినట్టే ఉంటుంది కానీ గుచ్చుకోదు. అసలు సూది పడినవాళ్లకు ఈ ఉత్తుత్తి సూది పడినవాళ్లకంటే ఎక్కువ మేలు జరిగితేనే ఆ మేలు సూదిది. లేకపోతే అది నమ్మకానిదో, విశ్రాంతిదో, కాలానిదో అవుతుంది.

ఎగ్జిమా దురద మీద జర్మనీలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వైద్యులు చేసిన పరీక్ష నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. 2010లో వెలువడింది. ఎగ్జిమా ఉన్న 30 మంది పెద్దవాళ్ల చర్మం మీద వాళ్లకు పడని ధూళి పురుగు లేదా గడ్డి పుప్పొడి సారాన్ని వేసి కావాలనే దురద పుట్టించారు. ఒకసారి సరైన బిందువుల్లో సూది పెట్టి, ఒకసారి వేరే చోట పెట్టి, ఒకసారి అసలు పెట్టకుండా చూశారు. సరైన బిందువుల్లో పెట్టినప్పుడు దురద తక్కువగా ఉంది. అయితే ఇది కొన్ని నిమిషాల దురద మీద, ప్రయోగశాలలో జరిగిన పరీక్ష. ఏళ్ల నాటి ఎగ్జిమా తగ్గిపోయిందని అది చెప్పలేదు. ఈ హద్దు గుర్తుపెట్టుకోండి. బోర్డులు కట్టేవాళ్లు ఈ హద్దును చెరిపేస్తారు.

దద్దుర్ల విషయంలో సమాధానం ఇంకా స్పష్టంగా ఉంది. ఏ కారణమూ కనిపించకుండా ఆరు వారాలకు మించి వస్తూ పోతూ ఉండే దద్దుర్లతో బాధపడుతున్న 330 మందిని చైనాలో మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు నాలుగు వారాల్లో 16 సార్లు సూదులు, మరొక జట్టుకు ఉత్తుత్తి సూదులు, మూడో జట్టుకు ఏమీ లేకుండా నిరీక్షణ. 2023లో ఫలితం వచ్చింది. అసలు సూదుల జట్టుకు దద్దుర్లు, దురద మిగతావాళ్లకంటే ఎక్కువ తగ్గాయి. కానీ ఉత్తుత్తి సూదులతో పోల్చినప్పుడు వచ్చిన తేడా, రోగికి నిత్యజీవితంలో తెలిసివచ్చేంత పెద్దది కాదని ఆ పరిశోధకులే రాశారు. సూది వైద్యం పుట్టిన దేశంలో, ఆ వైద్యం చేసేవాళ్లే నిజాయితీగా రాసిన మాట ఇది. దీనికి నేను చాలా గౌరవం ఇస్తాను.

ఇక సోరియాసిస్. స్వీడన్‌లో 56 మందిలో కొందరికి అసలు వైద్యం, కొందరికి ఉత్తుత్తి వైద్యం వారానికి రెండుసార్లు చొప్పున పది వారాలు చేశారు. అసలు వైద్యంలో కండరంలోకి దింపిన సూదులకు కరెంటు ప్రకంపనలు ఇచ్చారు, చెవి మీద కూడా సూదులు పెట్టారు. 1997లో ప్రచురించారు. అసలు వైద్యం అందినవాళ్లు ఉత్తుత్తి వైద్యం అందినవాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరు. పొలుసులు రాలడం, మచ్చ పలచబడటం ఇద్దరిలోనూ కొద్దికొద్దిగానే. సూదులతో సోరియాసిస్ మూలం నుంచి పోతుందని ఎవరైనా చెబితే ఈ పరీక్షను గుర్తు చేసుకోండి.

దురదకు పనిచేసి మచ్చకు ఎందుకు పనిచేయదు? దురద పుట్టేది చర్మంలో అయినా, తెలిసేది నరాల ద్వారా. చర్మంలోని సన్నటి సి రకం నరాలు ఆ కబురును వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుస్తాయి. అదే సమయంలో నొప్పి కబురు వస్తే వెన్నుపాము దురద కబురును కాస్త అణిచిపెడుతుంది. గోకితే హాయిగా ఉండేది అందుకే. గోరు చర్మాన్ని చీల్చి ఆ పని చేస్తే, సూది చర్మాన్ని చీల్చకుండా చేస్తుందని చెప్పవచ్చు. బీజింగ్‌లో హాన్ జీషెంగ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు పనిచేసి, సూదులకు కరెంటు ప్రకంపనలు ఇచ్చినప్పుడు ఒంట్లో సహజంగా ఉండే నొప్పి నివారణ రసాయనాలు విడుదలవుతాయని చూపించారు. వాటిలో డైనార్ఫిన్ ఒకటి. డైనార్ఫిన్ పనిచేసే చోటనే పనిచేసే డైఫెలికెఫలిన్ అనే మందును డయాలసిస్ రోగుల దురద కోసం అమెరికా 2021లో అనుమతించింది. కాబట్టి సూదితో దురద తగ్గడానికి ఒంట్లో ఒక దారి ఉందనుకోవడంలో అర్థం ఉంది. కానీ సోరియాసిస్ మచ్చ వేరే సంగతి. అక్కడ రోగనిరోధక కణాలు దారి తప్పి చర్మ కణాలను విపరీతంగా పెరిగేలా చేస్తుంటాయి. నరానికి పంపిన కబురుతో ఆ పెరుగుదల ఆగదు.

ఇంకొక మేలు గురించి కూడా చెప్పాలి. ఆక్యుపంక్చర్ చేసే మంచి వైద్యులు అరగంట మీతో ఉంటారు. నిద్ర ఎలా ఉంది, విరేచనం ఎలా ఉంది, ఇంట్లో ఎవరితో ఇబ్బంది అని అడుగుతారు. రద్దీ ఓపీలో టోకెన్ పట్టుకుని గంటలు కూర్చుని, లోపలికెళ్లిన మూడు నిమిషాల్లో చీటీతో బయటికి వచ్చిన మనిషికి ఈ అరగంట ఎంత ఓదార్పో మాటల్లో చెప్పలేం. మనసు నెమ్మదిస్తే దురద కూడా నెమ్మదిస్తుంది. ఈ ఓదార్పు నిజమైన మేలే. దాన్ని తీసిపారేయకండి.

ముందు జబ్బు పేరు తేల్చుకోండి

సూది దగ్గరికి వెళ్లే ముందు మీ మచ్చకు పేరు ఉండాలి. ఆ పేరు చర్మవైద్యుడు పెట్టినదై ఉండాలి. మెడికల్ షాపు అబ్బాయో, సూది వేసే ఆయనో పెట్టింది చాలదు. ఇది లాంఛనం కోసం చెప్పే మాట కాదు. మన దగ్గర ఏళ్ల తరబడి తగ్గని దురదల్లో చాలా భాగం సోరియాసిస్సూ కాదు, ఎగ్జిమా కూడా కాదు. తామర.

తొడల మధ్య, నడుము చుట్టూ, చంకల్లో గుండ్రంగా అంచు కట్టి పాకే తామరకు మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇస్తారు. అందులో శిలీంధ్రానికి ఒక మందు, బాక్టీరియాకు ఒక మందు, వాటితో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఉంటాయి. రాయగానే దురద పోతుంది. స్టెరాయిడ్ దురదను పోగొట్టి, చర్మం రక్షణను కూడా అణిచేస్తుంది. కింద శిలీంధ్రం హాయిగా పెరుగుతుంది. ట్యూబు మానగానే రెట్టింపై బయటపడుతుంది. కొన్నాళ్లకు అంచు చెదిరిపోయి ఎగ్జిమాలా, సోరియాసిస్‌లా కనిపిస్తుంది. ఈ దుర్వినియోగాన్ని ఆపాలనే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్‌లో చేర్చింది. అయినా ట్యూబు అడిగితే దొరుకుతూనే ఉంది. ఇలాంటి తామరకు సూది పెడితే దురద నాలుగు రోజులు తగ్గినా శిలీంధ్రం ఇంటిల్లిపాదికీ అంటుతుంది. చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూస్తే శిలీంధ్రం ఉందో లేదో తెలిసిపోతుంది. చిన్న పరీక్ష, అడిగి చేయించుకోండి.

రాత్రిళ్లు దురద మీ ఒక్కరికే కాక ఇంట్లో మరో ఇద్దరికి కూడా ఉందా? వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులున్నాయా? అది గజ్జి కావచ్చు. గజ్జి పురుగు చర్మంలో సొరంగం తవ్వుకుని ఉంటుంది. ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకుంటే పోతుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది, దురదే పెట్టని మచ్చ. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి గానీ, ఎర్రగా గానీ ఉన్న మచ్చ మీద దూది కొసతో తాకి చూడండి. తాకినట్టు తెలియకపోతే కుష్టు అనుమానించాలి. ఏ వైద్యం బోర్డు వైపూ చూడకుండా నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, లేదా మీ వీధి ఆశా కార్యకర్తకు చెప్పండి. మందులు ఉచితం. ఆరు నెలలు లేదా ఏడాదిలో పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరం దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి, పోయిన నరం తిరిగి రాదు.

సోరియాసిస్ ఉన్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న

1872లో హైన్రిచ్ కోబ్నర్ అనే జర్మన్ చర్మవైద్యుడు ఒక సంగతి గమనించి చెప్పాడు. సోరియాసిస్ ఉన్న కొందరికి చర్మం గీరుకుపోయిన చోట, గాయమైన చోట, పచ్చబొట్టు పొడిచిన చోట కొన్నాళ్లకు కొత్త సోరియాసిస్ మచ్చ లేస్తుంది. దీన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. సుమారు నలుగురు రోగుల్లో ఒకరికి ఈ గుణం ఉంటుందని చర్మవైద్యులు లెక్కవేస్తారు. బొల్లిలో, లైకెన్ ప్లానస్‌లో కూడా కనిపిస్తుంది. సూది గుచ్చిన చోటు కూడా గాయమే. అంటే పోగొట్టుకుందామని వెళ్లినచోటే కొత్త మచ్చ తెచ్చుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి మిమ్మల్ని మీరు అడిగి చూడండి. వాచీ పట్టీ ఒరుసుకున్న చోట, లంగా బొందు గీత పడే నడుము దగ్గర, ఇంజెక్షన్ చేయించుకున్న చేతి మీద, దోమ కుట్టి గోక్కున్న చోట ఎప్పుడైనా కొత్త మచ్చ లేచిందా? లేచి ఉంటే సూది వద్దు. జబ్బు ఉధృతంగా ఉండి రోజుకొక కొత్త మచ్చ వస్తున్న దశలో కూడా వద్దు. బ్లేడుతో గాట్లు పెట్టి కప్పులతో నెత్తురు లాగే పద్ధతి సోరియాసిస్‌కు, బొల్లికి ఎప్పుడూ వద్దు. మాచిపత్రి జాతి ఆకును కాల్చి చర్మానికి వేడి పెట్టే మాక్సా చికిత్స ఎగ్జిమా ఉన్నవాళ్లకు పడదు. వేడికి దురద పెరుగుతుంది, పొగ ఆస్తమాను రేపుతుంది. ఎగ్జిమా ఉన్న ఇళ్లలో ఆస్తమా కూడా తరచుగా ఉంటుంది కదా.

సిట్టింగ్‌లో కూర్చున్నప్పుడు

ఆక్యుపంక్చర్ సూదికి రంధ్రం ఉండదు, లోపల మందేమీ ఉండదు. మందం పావు మిల్లీమీటరు, అంటే మామూలు ఇంజెక్షన్ సూదిలో సగం కూడా ఉండదు. దురదకు ఎక్కువగా వాడే బిందువును మీరే వెతుక్కోవచ్చు. మోచేయి వంచండి. మడత గీత బయటి వైపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ, ఎముకకు కాస్త ముందు బొటనవేలితో నొక్కితే లోపల తీపులాంటి నొప్పి పుడుతుంది. చైనా వాళ్లు దాన్ని 'చ్యూచీ' అంటారు. మ్యూనిక్‌లో పరీక్షించింది దీన్నీ, మోకాలిచిప్పకు పైన తొడ లోపలి వైపు ఉండే మరో బిందువునూ. సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఆనించి, వేలితో చిన్నగా తడితే సూది దిగుతుంది. చీమ కుట్టినట్టు కూడా ఉండదు చాలాసార్లు. ఆ తర్వాత వేళ్లతో తిప్పినప్పుడు బరువుగా, తిమ్మిరిగా, లాగినట్టు ఉంటుంది. 20 నుంచి 30 నిమిషాలు అలాగే పడుకోవాలి. ఏమీ తినకుండా వెళ్లకండి, కళ్లు తిరగవచ్చు.

మీ కళ్లు సూదులు ఉంచిన బల్ల మీద ఉండాలి. సూది వెనక కాగితం, ముందు ప్లాస్టిక్ పొర ఉన్న పొట్లంలో ఉండాలి. గడువు తేదీ ముద్రించి ఉండాలి. ఆ పొట్లాన్ని మీ ముందే చింపాలి. తీసిన సూది తెల్లటి గట్టి డబ్బాలో పడాలి, ట్రేలోకి తిరిగి వెళ్లకూడదు. 'మీ సూదులు మీ పేరుతో విడిగా దాచి పెడతాం, స్పిరిట్‌లో ఉంచుతాం' అంటే లేచి వచ్చేయండి. 1984లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒకే ఆక్యుపంక్చర్ వైద్యుడి దగ్గరికి వెళ్లిన 35 మందికి హెపటైటిస్ బి సోకింది. స్పిరిట్ ఆ వైరస్‌ను నమ్మకంగా చంపదు.

ఎగ్జిమా ఉన్న చర్మం మీద స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా మామూలు చర్మం కంటే చాలా ఎక్కువ ఉంటుంది. రసి కారుతున్న చోట, ఎర్రగా వాచిన చోట, పగిలిన చోట సూది పడకూడదు. మంచి వైద్యులు మచ్చకు దూరంగా, ఆరోగ్యంగా ఉన్న చర్మం మీదే పెడతారు. కృత్రిమ నగలు, జీన్స్ గుండీ తగిలినచోట దద్దు వచ్చేవాళ్లకు నికెల్ పడదని అర్థం. స్టీలు సూదిలో నికెల్ ఉంటుంది, ఆ సంగతి ముందే చెప్పండి. గర్భిణులు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు తమ డాక్టరుతో మాట్లాడాకే వెళ్లాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే కరెంటు ప్రకంపనలు వద్దు.

పిల్లలకు సూదంటే భయం. వాళ్లకు వేలితో నొక్కి చూడవచ్చు. అమెరికాలో ఎగ్జిమా ఉన్న కొద్దిమంది పెద్దవాళ్లు నాలుగు వారాల పాటు, వారానికి మూడుసార్లు, మూడేసి నిమిషాలు ఆ మోచేతి బిందువునే నొక్కుకున్నారు. దురద, చర్మం దళసరెక్కడం తగ్గాయని 2012లో రాశారు. చాలా చిన్న పరిశోధన, దాని మీద పెద్ద ఆశలు కట్టలేం. కానీ ఖర్చు లేదు, హాని లేదు, గోరు వెళ్లే చేతికి ఒక పని దొరుకుతుంది.

ఎవరి చేత చేయించుకోవాలి? ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ ప్రకృతి వైద్య కోర్సులో ఆక్యుపంక్చర్ ఒక పాఠ్యాంశం. హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల లాంటి చోట్ల చదివినవాళ్లు ఉన్నారు. ఎంబీబీఎస్ చదివి ఆపైన ఈ విద్య నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. మొదట చదివిన డిగ్రీ ఏమిటని మొహమాటం లేకుండా అడగండి. వారాంతపు శిక్షణతో వచ్చిన సర్టిఫికెట్టు గోడకు వేలాడుతుంటే అది చాలదు.

మందు మానకండి, పొడి పుచ్చుకోకండి

ఈ రెండు మాటలు పెద్ద అక్షరాలతో రాసుకోండి. 'సూదులు మొదలుపెట్టాక ఇంగ్లిషు మందులు ఆపేయాలి' అని ఎవరు చెప్పినా వినకండి. సోరియాసిస్‌కు స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా ఎర్రబడి, చీము పొక్కులు లేచి, జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. తగ్గిస్తే డాక్టరే తగ్గించాలి, నెమ్మదిగా. సూది పక్కన నడవాల్సిన తోడు మాత్రమే. మందు స్థానంలో దాన్ని కూర్చోబెట్టకూడదు.

సూదులతో పాటు పేరులేని పొడి, ఆకుపచ్చటి లేపనం ఇస్తే పుచ్చుకోకండి. లండన్‌లో వైద్యులు చైనా మూలికల లేపనాలు 11 తెచ్చి పరీక్షిస్తే వాటిలో ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. 1999లో ప్రచురించారు. 'మూలికలతో అద్భుతంగా తగ్గింది' అనే కథల్లో కొన్నింటి వెనక ఇదే ఉంటుంది.

రోజూ చేయాల్సిన పని మాత్రం సూది ఉన్నా లేకున్నా ఒకటే. గోరువెచ్చటి నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో, వాజిలినో దట్టంగా రాయండి. నలుగుపిండితో, సున్నిపిండితో రుద్దడం, కుంకుడు పులుసు ఒంటి మీద కారనివ్వడం ఎగ్జిమా చర్మానికి శత్రువులు. గోళ్లు పొట్టిగా ఉంచండి. ఇంత మామూలు పనులా అనిపిస్తుంది. కానీ ఎగ్జిమాకు వీటితో వచ్చే మేలు ఏ సూదితోనూ రాదు.

రాసి చూసుకోండి

దీర్ఘకాలపు చర్మవ్యాధి తనంతట తానే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. సోరియాసిస్ చాలామందిలో చలికాలంలో రేగి ఎండాకాలంలో తగ్గుతుంది. మనం కొత్త వైద్యం దగ్గరికి వెళ్లేది బాగా రేగినప్పుడే. ఆ తర్వాత ఎలాగూ దిగే కాలం వస్తుంది, ఆ పేరు అప్పుడు చేస్తున్న వైద్యానికి వెళ్తుంది. ఇందులో ఎవరి మోసమూ ఉండక్కర్లేదు. చేసేవారూ చేయించుకునేవారూ మనస్ఫూర్తిగా నమ్ముతారు. అందుకే జ్ఞాపకం మీద ఆధారపడకుండా రాసుకోవాలి.

ఒక నోటుబుక్కు తీసుకోండి. సూదులు మొదలుపెట్టడానికి ఒక వారం ముందు నుంచే రోజూ పడుకునే ముందు ఆ రోజు దురదకు 0 నుంచి 10 మధ్య ఒక అంకె వేయండి. అసలు లేకపోతే 0, ఊహించగల దురదల్లోకెల్లా ఘోరమైతే 10. పక్కనే ఎన్ని గంటలు నిద్రపోయారో, ఏ మందు ఎన్నిసార్లు రాశారో రాయండి. వారానికోసారి ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, ఒకే మచ్చను ఫోన్‌తో ఫొటో తీయండి. దద్దుర్లు ఉన్నవాళ్లకు చర్మవైద్యులు వాడే లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. రోజూ దద్దుర్ల సంఖ్యకు 0 నుంచి 3, దురద తీవ్రతకు 0 నుంచి 3. ఏడు రోజులవి కూడితే గరిష్ఠం 42. ఈ మొత్తం చెబితే డాక్టరుకు మీ వారమంతా ఒక్క అంకెలో అర్థమవుతుంది.

సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. వారానికి రెండు చొప్పున ఎనిమిది సిట్టింగులు గడువు పెట్టుకుని, విడివిడిగా చెల్లించండి. ఆ నాలుగు వారాల్లో మందు మార్చకండి, సబ్బు మార్చకండి, పథ్యం మార్చకండి. లేకపోతే దేనివల్ల ఏమైందో తెలియదు. గుచ్చిన చోట్లను ప్రతిరోజూ చూసుకోండి. రెండు రోజులకు మించి ఎర్రదనం, వాపు ఉన్నా, పొలుసులతో కొత్త మచ్చ లేస్తున్నా, జ్వరం వచ్చినా అక్కడితో ఆపి చర్మవైద్యుణ్ని కలవండి.

నాలుగు వారాలయ్యాక, సూదులకు ముందు వారం దురద సగటు, చివరి వారం దురద సగటు పక్కపక్కన రాయండి. మూడు అంకెలైనా తగ్గి, నిద్ర పెరిగి ఉంటే సూదులు మీకు పనికొస్తున్నట్టే. వాటిని వారానికి ఒకసారికి, తర్వాత పదిహేను రోజులకు ఒకసారికి తగ్గించుకుంటూ కొనసాగించండి. తగ్గకపోతే ఆపేయండి. మరో పది సిట్టింగులు చేస్తే తప్పక తగ్గుతుందని చెప్పినా ఆపేయండి. ఆ నోటుబుక్కు, ఆ ఫొటోలు పట్టుకుని మీ చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఎగ్జిమాకూ, సోరియాసిస్‌కూ, దద్దుర్లకూ పదేళ్ల కిందట లేని మందులు ఇప్పుడు ఆయన దగ్గర ఉన్నాయి.